వైడ్ లెన్స్ కొనే ముందు: ఎంత దగ్గరికి వెళ్తారు?

పాత మాన్యువల్ కెమెరా ఒకటి చేతికొచ్చి, దాంతోపాటు వచ్చిన 50 ఎం.ఎం. లెన్స్‌తో నాలుగైదు రీళ్ళు తీశాక దాదాపు అందరికీ ఒకే కోరిక పుడుతుంది. గదిలో నిలబడి తీస్తే సగం గదే వస్తోంది, వెనక్కి జరుగుదామంటే వీపుకు గోడ తగులుతోంది, ఒక వైడ్ యాంగిల్ లెన్స్ ఉంటే బాగుండును అని. అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. 28 మంచిదా, 24 మంచిదా? ఎఫ్ 2 కావాలా, ఎఫ్ 3.5 సరిపోతుందా? (ఎం.ఎం. అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఇంకా వెడల్పుగా చూస్తుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కాంతి వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, పెద్దదవుతుంది.) ఏ కంపెనీది అంచుల్లో షార్ప్‌గా ఉంటుంది? నన్నెవరైనా సలహా అడిగితే నేను తిరిగి ఒక్కటే అడుగుతాను. మీరు మనుషులకు, వస్తువులకు ఎంత దగ్గరగా వెళ్ళి ఫొటో తీస్తారు?

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. వెనక్కి జరగకుండానే ఎక్కువ పట్టించేది వైడ్ లెన్స్ అనుకుంటాం కాబట్టి దగ్గరికి వెళ్ళే ఆలోచనే రాదు. మొదటి రెండేళ్ళు నేనూ అలాగే అనుకున్నాను. అప్పటి నెగెటివ్‌లు ఇప్పుడు వెలుతురుకు పెట్టి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. పైన బోలెడు ఆకాశం, కింద బోలెడు నేల, మధ్యలో ఆవగింజంత మనిషి. లెన్స్‌లో లోపమేమీ లేదు, నేను నిలబడిన చోటే తప్పు. ఆ సంగతి తెలిశాకే పాత వైడ్ లెన్సుల్లో ఏది చూసుకోవాలో, ఏది పట్టించుకోనక్కర్లేదో నాకు తేలింది. లెన్స్ ఎంత దగ్గర ఫోకస్ అవుతుంది, మన కెమెరా వ్యూఫైండర్‌లో దాన్ని ఫోకస్ చేయడం ఎంత సులువు, ఈ రెండూ ముందు చూడాలి. అంచుల షార్ప్‌నెస్, పెద్ద అపెర్చర్, ఇంకా ఇంకా వెడల్పు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

మా తాతయ్య గోడ గడియారం విప్పి బాగుచేసుకుంటుండగా 28తో తీసిన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. ఫ్రేము కింది సగం నిండా గడియారం లోపలి ఇత్తడి చక్రాలు. ఒక్కో పన్ను లెక్కపెట్టొచ్చు. వాటిని ఆనుకుని ఆయన వేళ్ళు, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య చిన్న స్క్రూ. వెనక కాస్త మసకగా ముఖం, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఆ వెనక గది, కిటికీ. అది తీసేటప్పుడు ఫోకస్ రింగు 30 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఇక తిప్పడానికి లేక, నా తలనే కెమెరాతో సహా ముందుకూ వెనక్కూ జరుపుతూ చక్రాల మీద ఫోకస్ తెచ్చుకున్నాను. అదే రోజు ఇంకో వైడ్ లెన్స్‌తోనూ తీశాను. పేరున్నదే, కానీ 60 సెంటీమీటర్ల కన్నా దగ్గరికి ఫోకస్ కాదు. ఆ ఫొటోలో బల్ల మీద ఒక గడియారం ఉంది, దాని వెనక ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆ ఫొటోను నేను ఎవరికీ చూపించలేదు. రెండింటికీ తేడా 30 సెంటీమీటర్లు, అంటే ఒక స్కేలు పొడవు.

పర్‌స్పెక్టివ్‌ను లెన్స్ తయారు చేయదు, మనం నిలబడిన దూరం తయారు చేస్తుంది. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనబడే ఆ లోతంతా కెమెరా చోటును బట్టే వస్తుంది. అంత దగ్గరికి వెళ్ళాక కూడా చుట్టుపక్కల ఉన్నదంతా ఫ్రేములో మిగిలేలా చూడటమే వైడ్ లెన్స్ పని. దగ్గరికి వెళ్ళనివ్వని వైడ్ లెన్స్ తన పనిలో సగమే చేస్తుంది.

అందుకే లెన్స్ చేతికి రాగానే నేను చూసేది దూరాల రింగు మీద చివరి అంకె. ఆ అంకెను లెన్స్ ముందు నుంచి కాక ఫిల్మ్ ఉన్న చోటు నుంచి కొలుస్తారు. చాలా కెమెరాల పైన సున్నా మీద అడ్డగీత గీసినట్టు ఒక గుర్తు ఉంటుంది, ఫిల్మ్ ఉండేది సరిగ్గా దాని కిందే. కాబట్టి 20 సెంటీమీటర్లు అని ఉంటే లెన్స్ మూతికీ వస్తువుకూ మధ్య మిగిలేది జానెడు కన్నా తక్కువే. జైస్ యేనా వాళ్ళ ఫ్లెక్టోగాన్ 35 ఎఫ్ 2.4 ఇలా 20 సెంటీమీటర్ల దాకా వెళ్తుంది. నికాన్ 28 ఎఫ్ 2.8లో ఏఐ-ఎస్ రకం కూడా అంతే దగ్గరికి వెళ్తుంది, దాని ముందటి ఏఐ రకం మాత్రం 30 దగ్గరే ఆగుతుంది. ఒకే పేరు, ఒకే అపెర్చర్, లోపల వేరే డిజైన్. ఒలింపస్ జుయికో 28లు 30 దాకా వెళ్తాయి. పెంటాక్స్ సూపర్ టకుమార్ 28 ఎఫ్ 3.5 అయితే 40. లెన్స్ లోంచి కాక పక్కనున్న వేరే కిటికీ లోంచి చూసి తీసే రేంజ్‌ఫైండర్ కెమెరాల లెన్సులు మామూలుగా 70 సెంటీమీటర్ల దగ్గరో మీటరు దగ్గరో ఆగిపోతాయి. సోవియట్ జూపిటర్-12 ముచ్చటైన 35, కానీ మీటరు లోపలికి రాదు. వీధిలో నడుస్తూ తీసేవాళ్ళకు అది లోటు కాదు. నాలా చేతుల్నీ పనిముట్లనూ తీసేవాళ్ళకు మాత్రం పెద్ద లోటే.

లెన్స్ లోంచే చూసి తీసే ఎస్‌ఎల్ఆర్‌కూ రేంజ్‌ఫైండర్‌కూ ఇంత తేడా ఎందుకో తెలిస్తే ఎంచుకోవడం సగం తేలికవుతుంది. ఎస్‌ఎల్ఆర్ బాడీలో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య అద్దం ఉంటుంది, అది పైకీ కిందికీ ఆడటానికి చోటు కావాలి. నికాన్ బాడీలో లెన్స్ తగిలించే చోటు (ఎఫ్ మౌంట్) నుంచి ఫిల్మ్‌కు 46.5 ఎం.ఎం. దూరం. మామూలు డిజైన్‌లో 28 ఎం.ఎం. లెన్స్ దూరంలోని దృశ్యాన్ని ఫోకస్ చేయాలంటే దాని గాజు ఫిల్మ్‌కు దాదాపు 28 ఎం.ఎం. దగ్గరికి రావాలి. అక్కడ అద్దం తిరుగుతూ ఉంటుంది. ఈ చిక్కును విప్పడానికి లెన్స్ ముందు భాగంలో కాంతిని విడదీసే పెద్ద గాజును పెట్టి, వెనక దాన్ని మళ్ళీ కూడగట్టే గాజులు పెట్టారు. టెలిఫొటోను తిరగేసినట్టన్నమాట. ఫ్రాన్స్‌లో పియర్ ఆంజెన్యూ 1950లో ఇలాంటి 35 ఎఫ్ 2.5 తెచ్చి దానికి రెట్రోఫోకస్ అని పేరు పెట్టాడు. ఆ పేరే తర్వాత ఈ జాతి లెన్సులన్నిటికీ పేరైపోయింది.

రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. డిజైనర్ గాజును ఫిల్మ్‌ను దాదాపు తాకేంత దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. అపెర్చర్‌కు ముందూ వెనకా దాదాపు ఒకేలా ఉండే ఇలాంటి పొందికైన డిజైన్లలో గీతలు వంగవు. లుడ్విగ్ బెర్టెలె డిజైన్ చేసిన జైస్ బయోగాన్ 21 ఎఫ్ 4.5 కాంటాక్స్ రేంజ్‌ఫైండర్ కెమెరా కోసం 1954లో వచ్చింది. భవనం అంచు ఫ్రేము అంచుకు ఆనించి తీసినా నిటారుగా నిలబడుతుంది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చిన కొత్తలో ఆ కెమెరాకూ 21 ఎఫ్ 4 అని ఇలాంటి లెన్సే ఇచ్చారు. వెనక గాజు అద్దం ఉండే చోట్లోకి పొడుచుకొస్తుంది కాబట్టి అద్దాన్ని పైకి లేపి కట్టేయాలి, పైన విడిగా ఒక వ్యూఫైండర్ తగిలించుకుని చూడాలి. ఎస్‌ఎల్ఆర్ కొనుక్కుని లెన్స్ లోంచి చూడలేకపోవడం అంటే ఏమిటో ఆలోచించండి. రెట్రోఫోకస్ ఎందుకు గెలిచిందో అదే చెబుతుంది.

ఇక్కడే నాకు గట్టి అభ్యంతరం ఉన్న విషయం ఒకటి చెప్పాలి. పాత లెన్సుల గురించి ఇప్పుడు దొరికే పరీక్షల్లో చాలామటుకు డిజిటల్ బాడీ మీద అడాప్టర్‌తో పెట్టి చేసినవే. బయోగాన్ లాంటి లెన్సుల్లో ఫ్రేము మూలలకు వెళ్ళే కాంతి బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్మ్‌కు అది పెద్ద బాధ కాదు. డిజిటల్ సెన్సర్ ముందు మందపాటి గాజు పొర ఉంటుంది, ఏటవాలు కాంతి దాన్ని దాటేసరికి మూలలు అలుక్కుపోతాయి, కొన్నిసార్లు ఊదారంగు కూడా తేలుతుంది. ఆ ఫొటోలు చూసి లెన్స్ పనికిరాదని తీర్పు చెప్పేస్తారు. ఫిల్మ్ కోసం పుట్టిన లెన్స్‌ను ఫిల్మ్ మీద చూడకుండా తోసిపుచ్చడం అన్యాయం. మీరు ఫిల్మ్ తీసేవాళ్ళయితే ఆ పరీక్షలు పక్కన పెట్టండి. అయితే ఏటవాలు కాంతి వల్ల మూలలు చీకటిగా రావడం మాత్రం ఫిల్మ్ మీదా ఉంటుంది. 21 లాంటి వెడల్పులో ఈ రకం డిజైన్లకు మూలల్లో రెండు స్టాపుల దాకా వెలుగు తగ్గుతుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), అపెర్చర్ మూసినా అదేమీ పూర్తిగా పోదు. నెగెటివ్ ఫిల్మ్ మీద నాకది ఇష్టమే. స్లైడ్ ఫిల్మ్ మీద నీలాకాశం తీస్తే కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఎంత వెడల్పు కావాలనే ప్రశ్నకు నా జవాబు చిన్నదే. ఫ్రేము ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 50 లెన్స్ దాదాపు 47 డిగ్రీలు చూస్తుంది. 35 అయితే 63, 28 అయితే 75, 24 అయితే 84, 20 అయితే 94. చేతిలో 50 ఉంటే 35 దానికి దగ్గరి చుట్టం, రెండడుగులు ముందుకో వెనక్కో వేస్తే ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. 50 ఉన్నవాళ్ళు 28 తీసుకోవాలి. ఒక్క 35తోనే అన్నీ తీసేవాళ్ళయితే దాని పక్కన 24 నప్పుతుంది. మొదటి వైడ్ లెన్స్‌గా 20 కొనవద్దని గట్టిగా చెబుతాను. 20లో అంచున నిలబడిన మనిషి తల కోడిగుడ్డులా సాగిపోతుంది, కెమెరా కాస్త పైకెత్తితే గోడలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ చూసే అలవాటు ముందు 28తో పట్టుబడాలి. ఆ అలవాటు లేకుండా 20 పట్టుకుంటే ఫ్రేములో అనవసరమైనవన్నీ వచ్చి కూర్చుంటాయి. నా మొదటి రెండేళ్ళ నెగెటివ్‌ల కథ అదే.

ఇక అపెర్చర్. ఎఫ్ 2 అని రాసి ఉంటే చేతులు వాటంతటవే ముందుకు వెళ్తాయి, నాకు తెలుసు. ఎఫ్ 2కూ ఎఫ్ 3.5కూ తేడా స్టాపున్నర పైన ఇంకొంచెం. 28తో చేతిలో పట్టుకుని సెకనులో ముప్ఫయ్యో వంతు దగ్గర హాయిగా తీయొచ్చు, ఊపిరి బిగపట్టి గోడకు ఆనుకుంటే పదిహేనో వంతు దగ్గరా తీయొచ్చు. 400 ఫిల్మ్ వేసుకున్నవాళ్ళకు ఎఫ్ 3.5 చాలని నా అనుభవం. పైగా నెమ్మది లెన్స్‌లో, అంటే అపెర్చర్ అంత పెద్దగా తెరుచుకోని లెన్స్‌లో, గాజు తక్కువ, బరువు తక్కువ, డిజైనర్ మీద ఒత్తిడి తక్కువ. ఫుల్ ఓపెన్‌లోనే అంచుల దాకా బాగుండే పాత వైడ్‌లు ఎక్కువగా ఈ ఎఫ్ 3.5 జాతిలోనే కనిపిస్తాయి. టకుమార్ 28 ఎఫ్ 3.5, జుయికో 28 ఎఫ్ 3.5, నికాన్ వాళ్ళ నిక్కోర్ 28 ఎఫ్ 3.5, మూడూ వాడాను. మూడింటి మీదా నాకు గౌరవం ఉంది. ఒలింపస్ డిజైనర్ మైతానీ యోషిహిసా 1972లో చిన్న కెమెరాగా తెచ్చిన ఓఎం-1 మీద ఆ జుయికో పెడితే మొత్తం అరచేతిలో ఇమిడిపోతుంది. 21 ఎఫ్ 3.5 నుంచి 135 ఎఫ్ 3.5 దాకా ఆ వరుసలో చాలా లెన్సులకు ఒకే 49 ఎం.ఎం. ఫిల్టర్ సరిపోవడం ఇంకో సుఖం.

కానీ నా వాదనకు నేనే ఒక అడ్డు చెప్పాలి. ఎస్‌ఎల్ఆర్‌లో మనం ఎప్పుడూ ఫుల్ ఓపెన్ అపెర్చర్ లోంచే చూస్తాం. లెన్స్ ఎంత నెమ్మదైతే వ్యూఫైండర్ అంత చీకటి. వైడ్ లెన్స్‌తో ఇది రెట్టింపు బాధ. 50తో చూస్తే ఫోకస్ ఉన్నదీ లేనిదీ స్క్రీన్ మీద ఇట్టే విడిపోతుంది. 24తో చూస్తే అన్నీ చిన్నవిగా కనిపించి అన్నీ ఫోకస్‌లో ఉన్నట్టే అనిపిస్తాయి. ఫోకస్ తప్పితే బొమ్మను రెండు ముక్కలుగా చూపించే, మధ్యలో ఉండే స్ప్లిట్ ఇమేజ్ కూడా, ఎఫ్ 4కూ ఎఫ్ 5.6కూ మధ్య ఎక్కడో ఒక సగం నల్లబడి చేతులెత్తేస్తుంది. ఎఫ్ 3.5 దాని గడప దగ్గర ఉన్నట్టు, కన్ను సరిగ్గా మధ్యలో లేకపోతే అప్పుడే చీకటి కమ్ముతుంది. మీ కెమెరా స్క్రీన్ పాతబడి మసకగా ఉంటే, లేదా సాయంత్రాలూ గది లోపలి వెలుతురుల్లోనే ఎక్కువ తీసేవాళ్ళయితే ఎఫ్ 2.8 తీసుకోండి. ఫొటోలో వెలుగు కోసం కాదు, చూడటానికి. నేనిప్పుడు వాడుతున్నదీ ఎఫ్ 2.8దే. ఎఫ్ 2 కోసం అంతకు మించిన బరువు మోయడం మాత్రం నా దృష్టిలో దండగ.

పగటిపూట నేను వ్యూఫైండర్‌లో ఫోకస్ చేయడమే తక్కువ. పాత లెన్సుల బ్యారెల్ మీద ఎంత దూరం నుంచి ఎంత దూరం దాకా ఫోకస్‌లో ఉంటుందో చూపేలా రెండు వైపులా ఎఫ్ నంబర్లు చెక్కిన స్కేలు ఉంటుంది, కొత్త లెన్సుల్లో చాలావాటికి కరువైంది ఇదే. మామూలు లెక్క ప్రకారం 28 లెన్స్‌ను ఎఫ్ 8లో పెట్టి ఫోకస్‌ను 3.3 మీటర్ల దగ్గర ఉంచితే 1.65 మీటర్ల నుంచి కనుచూపుమేర దాకా సరిపడా షార్ప్‌గా వస్తుంది. 24 అయితే 2.4 మీటర్ల దగ్గర పెట్టాలి, 1.2 నుంచి అన్నీ వస్తాయి. 50తో ఇదే పని చేయాలంటే పదిన్నర మీటర్ల దగ్గర పెట్టాలి, అయిదు మీటర్ల లోపలిదంతా పోతుంది. ఈ లెక్క చిన్న ప్రింట్ల కోసం వేసింది. పెద్ద ప్రింట్ వేసుకునే ఉద్దేశం ఉంటే ఎఫ్ 8లో తీస్తూ స్కేలు మీద ఎఫ్ 5.6 గీతల మధ్య ఉన్నదాన్నే నమ్మండి. ఎత్తిన కెమెరా ఎత్తినట్టే నొక్కడం ఎంత హాయిగా ఉంటుందో ఒకసారి అలవాటైతే తెలుస్తుంది.

స్కేలును నమ్మాలంటే లెన్స్ కొలతలు సరిగ్గా ఉండాలి. వైడ్ లెన్స్‌కూ టెలిఫొటోకూ ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటుంది. లెన్స్ ఉండవలసిన చోటు కన్నా 0.1 ఎం.ఎం., అంటే దాదాపు వెంట్రుకవాసి, ముందుకు ఉందనుకోండి. 50 లెన్స్ రింగును అనంతం గుర్తు దగ్గర పెడితే నిజంగా ఫోకస్ పడేది 25 మీటర్ల దగ్గర. పెద్దగా నష్టం లేదు. 24 లెన్స్ అయితే 5.8 మీటర్ల దగ్గర పడుతుంది. 20 అయితే 4 మీటర్లకే. ఎఫ్ 8లో తీస్తే ఆ తప్పు చాలావరకు కప్పబడిపోతుంది, ఎఫ్ 2.8లో తీస్తే దూరపు కొండలన్నీ మసక. కాబట్టి వేరే మౌంట్ లెన్స్‌ను అడాప్టర్‌తో తగిలించుకునే ఆలోచన వైడ్ విషయంలో సాధ్యమైనంతవరకు మానుకోమంటాను. మరలా తిప్పి బిగించే పాత ఎం42 మౌంట్ లెన్సులు 45.46 ఎం.ఎం. దూరానికి చేసినవి, నికాన్ బాడీ దూరం 46.5. మధ్య తేడా ఒక్క ఎం.ఎం. పైచిలుకు. ఆ ఒక్క ఎం.ఎం. వల్ల నికాన్ మీద పెట్టిన ఎం42 28 లెన్స్ 80 సెంటీమీటర్లకు అవతల దేన్నీ ఫోకస్ చేయలేదు. అడాప్టర్‌లో గాజు పెట్టి సరిచేసేవి ఉన్నాయి, ఆ గాజు లెన్స్ గుణాన్ని తినేస్తుంది. పెంటాక్స్ కె మౌంట్ బాడీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, దూరం ఎం42దీ కె మౌంట్‌దీ ఒకటే కాబట్టి సన్నని రింగు చాలు. కెనన్ ఎఫ్‌డీ బాడీ దూరం 42 కాబట్టి అక్కడా ఎం42 బాగా కుదురుతుంది. మీటరింగ్, అంటే వెలుగు కొలవడం, మాత్రం అపెర్చర్ మూసి చేసుకోవాలి.

నికాన్ వాళ్ళకు ఇంకో జాగ్రత్త. లెన్స్ మీద పెట్టిన అపెర్చర్ ఎంతో బాడీకి దానంతటదే తెలిసే ఏఐ పద్ధతి 1977లో వచ్చింది. అంతకు ముందటి లెన్స్‌ను మార్చకుండా తర్వాతి బాడీకి బలవంతంగా తగిలిస్తే వెలుగు కొలిచే మీటరుకు కలిపే చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది. ఎఫ్ఎం, ఎఫ్ఈల మీద ఆ మీటను మడిచి పెట్టుకోవచ్చు, ఎఫ్ఎం2 మీద వీల్లేదు.

లెన్స్ చేతికొచ్చాక దాన్ని పరీక్షించడం గురించి నాకు నేర్పింది ఒక పాడైపోయిన రీలు. చూడ్డానికి కొత్తదానిలా మెరిసిపోతున్న ఒక 28 కొన్నాను. గాజు మీద గీత లేదు, రింగు వెన్నలా తిరుగుతోంది. మొదటి రీలు కడిగి చూస్తే ఎండలో తీసిన ఫ్రేములన్నీ నల్లగా, మందంగా ఉన్నాయి, నీడలో తీసినవి మాత్రం బాగున్నాయి. మూడు రోజులు కెమెరా మీటరును అనుమానించాను. అసలు దొంగ అపెర్చర్ బ్లేడ్లు. వాటి మీదికి సన్నగా నూనె పాకి ఒకదానికొకటి అతుక్కుని మెల్లగా మూసుకుంటున్నాయి. ఎస్‌ఎల్ఆర్‌లో చూసేది ఫుల్ ఓపెన్‌లో కాబట్టి కంటికి ఏమీ తెలియదు. ఎఫ్ 11, ఎఫ్ 16లలో బ్లేడ్లు చాలా దూరం ప్రయాణించాలి, అవి గమ్యం చేరేలోపే షట్టర్ మూసుకుపోతోంది. ఎండలో తీసినవే పోవడానికి కారణం అదీ. ఇప్పుడు ఏ లెన్స్ వచ్చినా ఖాళీ కెమెరాకు తగిలించి, ఎఫ్ 16లో పెట్టి, ముందు నుంచి చూస్తూ పదిసార్లు షట్టర్ కొడతాను. ప్రతిసారీ రెప్ప కొట్టినట్టు ఒకే సైజు రంధ్రం కనబడాలి. ఒక్కసారి తడబడినా వదిలేస్తాను.

తర్వాత టార్చి వెలుగు. లెన్స్ ఒక చివర నుంచి వెలుగు వేసి రెండో చివర నుంచి ఏటవాలుగా చూడాలి. నాలుగు ధూళి రేణువులుంటే భయపడకండి, ఫొటోలో కనబడవు. చెట్టు వేళ్ళలా పాకిన ఫంగస్ ఉంటే వద్దు. అన్నిటికన్నా మోసకారి పల్చటి పొగమంచు లాంటి హేజ్. మామూలుగా చూస్తే గాజు శుభ్రంగానే ఉంటుంది, టార్చి వేయగానే లోపలి గాజు మీద పాలపొర తేలుతుంది. ఫొటోల్లో నలుపు నలుపుగా ఉండదు. వైడ్ లెన్స్‌లో ఇది ఇంకా ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే ఆకాశమో కిటికీయో బల్బో ఏదో ఒక వెలుగు ఎప్పుడూ ఫ్రేములోనే ఉంటుంది.

ఇక అనంతం పరీక్ష. ఇది నాకు చాలా ఇష్టమైన పని. కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్మ్ ఆనే లోపలి రెండు పట్టాల మీద మసకగా ఉండే సెల్లో టేపు ముక్కను బిగుతుగా అతికిస్తాను. షట్టర్‌ను బీ లో (నొక్కి ఉంచినంతసేపూ తెరిచే ఉండే చోట) పెట్టి, కేబుల్‌తో తెరిచి బిగిస్తాను. లెన్స్‌ను ఫుల్ ఓపెన్ చేసి, రింగును అనంతం దగ్గర పెట్టి దూరంగా ఉన్న చెట్టు వైపు తిప్పితే టేపు మీద ఆ చెట్టు తలకిందులుగా, ఆకులు కదులుతూ, రంగుల్లో కనిపిస్తుంది. దాన్ని భూతద్దంతో చూడాలి. కొమ్మల చివర్లు పదునుగా ఉంటే లెన్స్ సరిగ్గా ఉన్నట్టే. రింగు ఇంకా వెనక్కి తిప్పితే తేటపడుతుందా, లేక అనంతం గుర్తు చేరకముందే తేటపడి తర్వాత మసకబారిందా అనేది చూస్తే ఎవరైనా విప్పి తప్పుగా బిగించారేమో తెలిసిపోతుంది. నాలుగు మూలలూ కూడా చూడండి. ఒక వైపు పదునుగా, ఎదురు వైపు అలుక్కుపోయి ఉంటే లోపలి గాజు ఏదో వంకరగా కూర్చున్నట్టు. ఫ్లోటింగ్ డిజైన్లలో ఇది మరీ ముఖ్యం. దగ్గరి ఫోకస్‌లో మూలలు పాడవకుండా గాజుల మధ్య దూరం మారేలా నికాన్ 1967లో 24 ఎఫ్ 2.8లో పెట్టిన ఏర్పాటు అద్భుతమైనది. తెలియని చేతులు విప్పి బిగిస్తే ఆ అద్భుతమే తలనొప్పి అవుతుంది.

కోటింగ్ గురించి కొద్దిగా. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. విడివిడిగా ఏడు గాజులున్న వైడ్‌లో పద్నాలుగు ఉపరితలాలు, అంటే పూత లేకపోతే దాదాపు సగం కాంతి దారిలోనే పోతుంది, పోయినదాంట్లో కొంత ఫొటో మీద తెల్లని తెరలా పడుతుంది. ఒక పొర పూతతో నష్టం చాలా తగ్గుతుంది, 1971లో పెంటాక్స్ తెచ్చిన సూపర్ మల్టీ కోటింగ్ లాంటివాటితో ఇంకా తగ్గుతుంది. సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టే అలవాటుంటే మల్టీ కోటింగ్ ఉన్నది చూసుకోండి. లేకపోతే ఒక పొర పూత ఉన్న పాత టకుమార్ రంగులు మెత్తగా, నీడలు కాస్త తేలికగా ఇస్తుంది, నలుపు తెలుపు ఫిల్మ్‌తో నాకది బాగా నచ్చుతుంది. కొన్ని పాత లెన్సుల్లో థోరియం కలిపిన గాజు వాడారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. మినోల్టా రోక్కోర్ 28 ఎఫ్ 2.5 అందుకు పేరుపడింది. కొన్ని వారాలు ఎండలోనో అల్ట్రావయొలెట్ దీపం కిందో పెడితే పసుపు చాలావరకు దిగుతుంది.

పెద్ద కంపెనీల పేర్లే చూడకండి అని కూడా అంటాను. వివిటార్ పేరుతో వచ్చిన లెన్సులను వేర్వేరు ఫ్యాక్టరీలు చేశాయి. సీరియల్ నంబర్ 22తో మొదలైతే కిరాన్ వాళ్ళది, 28తో మొదలైతే కొమినే, 37 అయితే టోకినా. కొమినే చేసిన 28 ఎఫ్ 2 క్లోజ్ ఫోకస్ నా వాదనకు సరిగ్గా సరిపోయే లెన్స్. టామ్‌రాన్ అడాప్టాల్ వరుసలో మౌంట్ మార్చుకునే వీలుంది, రెండు మూడు రకాల బాడీలు ఉన్నవాళ్ళకు ఒకే 28 అన్నిటికీ పనికొస్తుంది. అడాప్టర్ల గురించి పైన చెప్పిన భయం దీనికి లేదు, లెన్స్‌నే అలా చేశారు. ఫిల్టర్ల సంగతికొస్తే, 28 కన్నా వెడల్పు లెన్స్ మీద ఆకాశం నీలాన్ని ముదురు చేసే పోలరైజర్ ఫిల్టర్ పెట్టకండి. ఆకాశంలో ఒక వైపు ముదురు నీలం, ఇంకో వైపు వెలిసిన నీలం వచ్చి మధ్యలో మచ్చలా ఉంటుంది.

మొన్న పాత 24 ఒకటి తెచ్చుకుని ఈ పరీక్షలన్నీ చేశాను. బ్లేడ్లు బాగున్నాయి, టేపు మీద చెట్టు బాగుంది, దూరాల రింగు మీద చివరి అంకె 0.3. తాతయ్య ఇప్పుడు గడియారాలు విప్పడం లేదు, చెయ్యి వణుకుతోంది. చూపు మాత్రం ఇంకా పనిచేస్తోంది, స్క్రూలను సైజు ప్రకారం చిన్న డబ్బాల్లో సర్దుతుంటారు. ఆ డబ్బాల పక్కన బల్ల మీద గడ్డం ఆనించి, రింగు చివరిదాకా తిప్పి, ఎఫ్ 5.6లో ముప్ఫయ్యో వంతు దగ్గర నాలుగు ఫ్రేములు తీశాను. "ఇంత దగ్గరగానా, డబ్బాలు తన్నేస్తావురా" అన్నారు. రీల్లో ఇంకా పదకొండు ఫ్రేములు మిగిలాయి, అవి పూర్తయ్యాక కడుగుతాను.